పళ్ళెం మోగని పూట

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలెడదామంటే, ఆ ఊరు మన ఊరిలాంటిది కాదే పండూ. ఉత్తరాన, బోల్డంత దూరాన, మంచుకొండల కాళ్ళ దగ్గర ఉందిట. ఊరంతా కలిపితే ముప్ఫై ఇళ్ళు. ఇళ్ళ ముందు పెద్ద సరస్సు. ఇటొడ్డున నిలబడి చూస్తే అటొడ్డున ఉన్న మనిషి చీమంత కనిపిస్తాడు. అంత పెద్దది.

ఈ కథ మా చిన్నాన్న మోసుకొచ్చాడు. ఆయన ఆ కొండల్లో రోడ్లేసే పనికెళ్ళి మూడేళ్ళున్నాడు. అక్కడివాళ్ళ పేర్లు కూడా చెప్పాడు గానీ వాటికి నా నోరు తిరగదు. అంచేత నేను మన పేర్లే పెట్టేశాను. ఇష్టమైతే విను, లేకపోతే గోడవైపు తిరిగి పడుకో. వింటావా? అయితే ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టి ఊఁ కొట్టు.

ఆ ఊళ్ళో నీలాలు అని ఒక కోడలుపిల్ల ఉండేది. పుట్టిల్లూ ఆ ఊరే. ఆవిడ మొగుడు గవరయ్య. అత్తగారు అచ్చియ్యమ్మ. ఇంట్లో ఈ ముగ్గురే. అచ్చియ్యమ్మకి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదు. ఆ తర్వాత పుట్టిన గవరయ్య దక్కాడు. అంచేత వాడు ఊరు దాటి వెళ్ళాడంటే, మళ్ళీ గుమ్మంలోకి వచ్చేదాకా ఆవిడకి ముద్ద దిగేది కాదు.

నీలాలుకి ఒక పిచ్చి ఉండేది. ఏంటంటే, సరస్సుని చూడటం. పిండి విసురుతూ చూసేది, బట్టలారేస్తూ చూసేది, తల దువ్వుకుంటూ చూసేది. "పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే నీళ్ళకేసి చూస్తావేమే" అని అత్తగారు సణిగేది. అదీ నిజమే. పాలు పొంగాయి, ఒకసారి కాదు, చాలాసార్లు.

మరి ఆ సరస్సు అలాంటిది. మన చెరువులాగా ఏడాది పొడుగునా ఒకే మొహం కాదు దానిది. ఎండాకాలం వస్తే ఒడ్డంతా పచ్చగడ్డి, గడ్డిలో చిన్న చిన్న పసుపు పూలు. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకునేంత తేటగా ఉండేవి నీళ్ళు. బాతులు పిల్లల్ని వరసగా వెంటేసుకుని తిరిగేవి. ఊళ్ళో పిల్లలు నీళ్ళల్లోకి దూకి, చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఒడ్డుకి పరిగెత్తేవాళ్ళు. ఆ తర్వాత మళ్ళీ దూకేవాళ్ళు. నీలాంటివాళ్ళే.

ఆ తర్వాత ఆకు రాలే కాలం. ఒడ్డున చెట్లన్నీ ఒక్క వారంలో పండిపోయేవి. గాలి వీచిందంటే ఆకులు నీళ్ళ మీద పడి తేలుతూ ఉండేవి. బాతులు గుంపులు కట్టుకుని దక్షిణానికి, మనవైపుకే, ఎగిరిపోయేవి. నీలాలు మెడ నొప్పెట్టేదాకా పైకి చూసేది. ఆఖరి గుంపు ఏ రోజు వెళ్ళిందో ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయేవారు గానీ ఆవిడ చెప్పేది.

ఆ తర్వాత చలికాలం. అప్పుడు సరస్సంతా గడ్డకట్టేసేది. నవ్వకు, నిజంగానే. చలికి మన కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టదూ, అలాగన్నమాట. ముందు ఒడ్డు వెంబడి పల్చగా కట్టేది. ఆ తర్వాత లోపలికి పాకేది. చివరికి మూరెడు మందాన రాతి బండలా అయిపోయేది. ఆ గడ్డ మీద మనుషులు నడిచేవాళ్ళు, గొర్రెలు నడిచేవి, గుర్రాలు కూడా నడిచేవి. పిల్లలు పీటల మీద కూచుని జర్రున జారేవాళ్ళు. సరస్సు చుట్టూ నిటారుగా కొండలే, నడిచే దారి లేదు. అంచేత అటొడ్డుకి పోవాలంటే ఎండాకాలం పడవ, చలికాలం నడక.

మధ్యలో కొన్నాళ్ళు ఉంటాయి చూడు, అవే ఇబ్బంది. గడ్డ కరిగే రోజులు. అప్పుడు పడవా నడవదు, మనిషీ నడవలేడు. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలి.

ఇప్పుడు నేను చెప్పేది సరిగ్గా విను, కథంతా దీని మీదే ఉంది. గడ్డ మీద నడవడానికి ఆ ఊరికి ఒక పద్ధతి ఉండేది. చలికాలం మొదట్లో ఒక మనిషి గునపం తీసుకుని, పొడిచి చూసుకుంటూ అటొడ్డుదాకా వెళ్ళాలి. గట్టిగా ఉన్న చోటల్లా ఒక దేవదారు కొమ్మ పాతాలి. అలా అరవై కొమ్మలు. కొమ్మ నుంచి కొమ్మకి నడిచిపోతే భయం లేదు. వసంతం వచ్చి గడ్డ మెత్తబడగానే ఆ మనిషే కొమ్మలన్నీ పీకెయ్యాలి. కొమ్మలుంటే దారి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ పని చేసే మనిషిని ఒడ్డుకాపు అనేవారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒక్కోసారి సరస్సు మీద పొగమంచు కమ్ముకునేది. కమ్మిందంటే పక్క కొమ్మ కూడా కనపడదు. అప్పుడు ఎవరి మనిషి గడ్డ మీద ఉంటే వాళ్ళ ఇంటివాళ్ళు ఒడ్డుకొచ్చి కంచు పళ్ళెం కొట్టాలి. ఆ చప్పుడు పట్టుకుని ఆ మనిషి తిన్నగా ఇంటికొచ్చేస్తాడు. అరిస్తే లాభం లేదు. అంత దూరం మాటలు అందవు. ఎవరో పిలుస్తున్నారని తెలుస్తుంది, అంతే.

ఒకసారి ఏమైందంటే, ఊళ్ళో పాత ఒడ్డుకాపు ముసలితనంతో పోయాడు. ఆ పని ఎవరికివ్వాలని పెద్దలు కూచున్నారు. చలిలో ఎవరికి కావాలమ్మా ఆ పని, అందరూ నేల చూపులు చూశారు. అప్పుడు అచ్చియ్యమ్మ మూతి తిప్పుకుంటూ, "మా కోడలికివ్వండి. ఎలాగూ ఇరవైనాలుగ్గంటలూ ఆ నీళ్ళకేసే చూస్తుంటుంది కదా" అంది. ఆవిడ ఎత్తిపొడుపుగా అంది. పెద్దలేమో నిజంగానే తీసుకున్నారు. నీలాలు ఒడ్డుకాపు అయిపోయింది.

గవరయ్య మంచివాడే గానీ సరస్సుని ఎప్పుడూ చూసేవాడు కాదు. తలొంచుకుని కొమ్మలు చూసుకుంటూ వెళ్ళేవాడు, కొమ్మలు చూసుకుంటూ వచ్చేవాడు. "అటు చూడండి, గడ్డ మీద ఎండ ఎలా పడిందో" అని పెళ్ళాం అంటే, "నువ్వు చూస్తున్నావుగా, ఇంకా నేనెందుకు" అని నవ్వేసేవాడు.

అలా మూడు చలికాలాలు గడిచాయి. నాలుగో చలికాలం చివర్లో జరిగింది ఈ కథ.

అటొడ్డున కొండ మీద ఊరివాళ్ళందరి గొర్రెల దొడ్డి ఉండేది. పక్కనే ఒక గుడిసె. ఊళ్ళో మగవాళ్ళు వంతులేసుకుని వెళ్ళి కాసేవాళ్ళు. ఈసారి గవరయ్య వంతు వచ్చింది. బయల్దేరేటప్పుడు అచ్చియ్యమ్మ, "ఎప్పుడొస్తావురా" అని అడిగింది. "మంగళవారం మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటానమ్మా. రొట్టెలు చేసి ఉంచు" అన్నాడు. నీలాలు, "ఎండ ముదురుతోంది, చూసుకుని రండి" అంది. ఆయన యథాప్రకారం నవ్వేసి వెళ్ళిపోయాడు.

గడ్డ కరిగే ముందు సరస్సు మూడుసార్లు చప్పుడు చేస్తుందిట. మొదటిసారి ఎండు పుల్ల విరిచినట్టు టప్ మంటుంది. రెండోసారి గొడ్డు మూలిగినట్టు మూలుగుతుంది. మూడోసారి కాళ్ళ కింద నుంచి గుమ్మంటుంది. మూడోది వినపడిందంటే ఒడ్డుకాపు ఆ పూటే దారి మూసెయ్యాలి.

ఆదివారంనాడు టప్ మంది. సోమవారం సాయంత్రం మూలిగింది.

అప్పుడు నీలాలు ఒడ్డుకెళ్ళి చూసింది. మొన్నటిదాకా తెల్లగా ఉన్న గడ్డ బూడిదరంగుకి తిరిగింది. నాలుగు చలికాలాలు కాదు, పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న మనిషి. ఆవిడకి అర్థమైపోయింది. ఇంటికొచ్చి, "అత్తమ్మా, మూడోది వినపడేదాకా ఆగను. ఈ సాయంత్రమే పీకేస్తాను" అంది.

అచ్చియ్యమ్మ కోడలి చేతులు పట్టేసుకుంది. "రేపే కదే వాడు వచ్చేది. ఒక్క పూట ఆగు. మూడోది వినపడితే కదా మూసేది, అది పెద్దలు పెట్టిన పద్ధతే కదా" అంది. 

నీలాలు ఆగింది. అత్తగారి కోసమే ఆగిందనుకోకు. ఆవిడకీ మొగుడు ఇంటికి రావాలనే ఉంది. లేకపోతే ఇంకో ఇరవై రోజులో నెలో అక్కడే ఉండిపోవాలి కదా. అలా ఆగడం ఆవిడ తప్పు. ఆ తప్పు ఆవిడే తర్వాత ఒప్పుకుంది కూడా.

మంగళవారం తెల్లవారింది. నీలాలు పాలు పితుకుతోంది. అప్పుడు గుమ్మంది. చెంబులో పాలు వణికాయి.

ఆవిడ చెంబు అక్కడే వదిలేసి గునపం భుజాన వేసుకుని పరుగందుకుంది. ఎవరూ గడ్డ ఎక్కొద్దని ఒడ్డున ఉన్నవాళ్ళకి చెప్పింది. ఇటువైపు వాళ్ళకి చెప్పడం ఎంతసేపు? చెప్పాల్సిన మనిషి ఒక్కడే, వాడు అటొడ్డున ఉన్నాడు. వాడికి గుడిసెలో పిండి ఉంది, గొర్రెపాలున్నాయి, ఆకలితో పోడు. భయమల్లా ఒకటే. దారి ఉందనుకుని గడ్డ మీదకి దిగుతాడేమో, అదీ భయం.

తెల్లవారుజాము చలికి గడ్డ ఇంకా కాస్త బిగిసే ఉంది. నీలాలు కొమ్మ తర్వాత కొమ్మ దాటుకుంటూ వెళ్ళింది. పది దాటింది. ఇరవై దాటింది. అటొడ్డుదాకా వెళ్ళి మొగుడికి ఎదురుపడదామని ఆవిడ ఆలోచన. ముప్ఫై దాటాక పాదాల కింద గడ్డ ఊగడం మొదలెట్టింది. నలభయ్యో కొమ్మ దగ్గర ఆగిపోయింది.

ఎదురుగా బీట. ఎంతోలేదు, రెండు జానల వెడల్పు. కింద నల్లటి నీళ్ళు కదులుతున్నాయి. దాటి దూకెయ్యొచ్చు కదా అంటావు నువ్వు. ఆవిడా అలాగే అనుకుంది. అవతలి వైపు గునపంతో పొడిచి చూసింది. పిండిలో దిగినట్టు దిగిపోయింది. కాస్త పక్కకెళ్ళి పొడిచింది. అక్కడా దిగిపోయింది. ఇంకోవైపు వెళ్ళి పొడిచింది. ఈసారి గునపం చేతిలోంచి జారి నీళ్ళల్లోకే పోయింది.

బీటకి అవతల ఇంకా ఇరవై కొమ్మలు నిలబడి ఉన్నాయి. వాటి చివర అటొడ్డు. ఒడ్డు మీద ఎవరూ లేరు. గుడిసె కొండ మీద ఎక్కడో ఉంది. నీలాలు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచింది. కొండలకి తగిలి ఆవిడ గొంతే తిరిగొచ్చింది.

అప్పుడు ఏం చెయ్యాలి? నలభయ్యో కొమ్మ పీకింది. అది సంకనెట్టుకుని వెనక్కొచ్చి ముప్ఫైతొమ్మిదో కొమ్మ పీకింది. మొగుడు ఇంటికొచ్చే దారిని ఆవిడ తన చేత్తోనే పీకుతోంది. ఏడుస్తూనే పీకింది. పగలు బాగా వెలుగొస్తుంది, ఇటువైపు కొమ్మలు లేకపోవడం ఆయన దూరం నుంచే చూస్తాడు, చూసి ఆగిపోతాడు, అని తనకి తాను చెప్పుకుంటూ పీకింది.

ఒడ్డు చేరేసరికి ఎండ వచ్చింది. హమ్మయ్య అనుకున్నావా? నేనూ అలాగే అనుకున్నాను, చిన్నప్పుడు విన్నప్పుడు. ఆ ఎండకే గడ్డ మీద నుంచి ఆవిరి లేచింది. ముందు పల్చగా లేచింది. ఆ తర్వాత చిక్కబడింది. కాసేపటికి సరస్సు లేదు, కొండలు లేవు, అటొడ్డు లేదు. అంతా పొగమంచు.

 ఇప్పుడు గవరయ్యకి ఇటువైపు ఏమీ కనపడదు. కాళ్ళ దగ్గరున్న కొమ్మ ఒక్కటే కనపడుతుంది. అది చూసి దిగుతాడు. ఇరవై కొమ్మలూ నడిచి తిన్నగా బీట దగ్గరికొస్తాడు.

ఆవిడ ఇంకా ఊపిరి తీసుకోలేదు, వెనకనుంచి ఖంగుమని మోగింది.

అచ్చియ్యమ్మ. ఒక చేతిలో కంచు పళ్ళెం, ఇంకో చేతిలో కర్ర. కొమ్మలు లేవు, పొగమంచు పట్టింది, కొడుకు దారి తప్పిపోతాడని ఇంట్లో రొట్టెలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది పాపం. వచ్చి కొట్టింది. తల్లి కదా, ఇంకేం చేస్తుంది?

నీలాలు ఎదురెళ్ళి, "కొట్టకండి అత్తమ్మా, మీరు కొడితే ఆయన వస్తారు" అంది.

"రావాలనే కదే కొట్టేది" అంది అచ్చియ్యమ్మ. మళ్ళీ ఖంగుమనిపించింది.

"మధ్యలో బీట ఉంది. నేను చూసొచ్చాను. వస్తే అందులో పడతారు."

"నిన్నటిదాకా గుర్రాలు నడిచిన గడ్డ మీద బీటేమిటే. నువ్వు దారి పీకేశావు, నేను పళ్ళెం కూడా కొట్టకపోతే నా కొడుకు ఏ దిక్కున పోవాలి?" అని మూడోసారి కొట్టింది. ఈసారి ఆగలేదు. వరసగా కొడుతూనే ఉంది.

ఊరివాళ్ళు చేరారు. కొందరు కొట్టనీ అన్నారు. కొందరు ఒడ్డుకాపు మాట వినాలి అన్నారు. తల్లి చేతిలోంచి పళ్ళెం లాక్కోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అక్కడ పొగమంచులో గవరయ్య ఎక్కడున్నాడో, దిగాడో, ఇంకా దిగలేదో, ఇటువైపు ఒక్కరికీ తెలీదు. దుప్పటి ముసుగెయ్యకే పండూ, నా చెయ్యి పట్టుకో. నాకూ గుండె దడగానే ఉంటుంది ఇక్కడికొచ్చేసరికి.

నీలాలు కూడా పళ్ళెం లాక్కోలేదు. లాక్కుంటే అత్తగారు ఇంటికి పరిగెత్తి ఇంకోటి తెస్తుంది, ఆవిడ సంగతి నీలాలుకి తెలుసు. అంచేత వంగి, అచ్చియ్యమ్మ కాళ్ళకున్న ఉన్ని జోళ్ళు విప్పేసింది. "ఒక్కసారి నాతో రండి" అని భుజం పట్టుకుని ఒడ్డు పక్కనే, మూడడుగుల దూరంలో, గడ్డ మీద నిలబెట్టింది. "ఏమీ చెప్పను. మీ పాదాల్నే చెప్పనివ్వండి" అంది.

ముసలావిడ వట్టికాళ్ళతో నిలబడింది. కర్ర ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ముందు ఒట్టి చలి. ఆ తర్వాత పాదాల కింద ఏదో కదిలింది. జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్ళులా సన్నగా, ఆగకుండా వణుకుతోంది గడ్డ. ఒడ్డు దగ్గరే ఇలా ఉంటే నడిమధ్యన ఎలా ఉంటుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అచ్చియ్యమ్మ కర్ర వదిలేసింది. ఇంకా మోగుతున్న పళ్ళేన్ని పొట్టకేసి అదుముకుంది, రెండు చేతులూ దాని మీద వేసి గట్టిగా అదుముకుంది. చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడు పిలవకూడదా వాణ్ణి" అని మెల్లగా అడిగింది.

"పిలవకూడదు అత్తమ్మా. పళ్ళెం మోగకపోతేనే ఆయనకి దారి లేదని తెలుస్తుంది."

"తెలుస్తుందంటావా?"

 అది నీలాలుకీ తెలీదు మరి. సరస్సుకేసి ఏనాడూ తలెత్తి చూడని మనిషి ఆయన.

ఆ తర్వాత ఊరు ఊరంతా నోరు మూసుకుంది. మేకల మెడలో గంటలు విప్పేశారు. కుక్కల్ని ఇళ్ళల్లో పెట్టి తలుపులేశారు. ఒకావిడ చంటిపిల్ల ఏడవబోతే పాలిచ్చి ఊరుకోబెట్టింది. ముప్ఫై ఇళ్ళ జనం ఒడ్డున నిలబడి పొగమంచులోకి చూస్తున్నారు. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. సొంత కొడుకు ఆ తెలుపులో ఎక్కడో ఉంటే, పేరు పెట్టి పిలవకుండా నిలబడటం అంటే ఏమిటో నీకిప్పుడు తెలీదులే.

అలా ఎంతసేపు నిలబడ్డారో. అప్పుడు సరస్సు మధ్యలోంచి ఫెళ్ళున పెద్ద చప్పుడైంది. ఆ తర్వాత నీళ్ళు ఎగిసిపడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

అచ్చియ్యమ్మ ఒడ్డున చతికిలబడింది. పళ్ళెం మాత్రం వదల్లేదు. నీలాలు పక్కనే కూచుని ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది.  ఒక్కపూట ముందు, సోమవారం సాయంత్రమే పీకేసి ఉంటే, అటువైపు కొమ్మలు కూడా తనే పీకి ఉండేది. అదే తలుచుకుంటోంది.

కాసేపటికి కొండల మీద నుంచి గాలి దిగింది. పొగమంచు కదిలింది. ముందు దగ్గర గడ్డ కనిపించింది. ఆ తర్వాత నడిమధ్యన కనిపించింది. రెండు జానల బీట ఇప్పుడు చెరువంత వెడల్పైపోయింది. నల్లటి నీళ్ళల్లో గడ్డ ముక్కలు తిరుగుతున్నాయి. దాని అవతల పొద్దున్న నిలబడి ఉన్న ఇరవై కొమ్మల్లో ఒక్కటీ లేదు.

"కొమ్మలు కూడా పోయాయే, నా కొడుకుతో పాటు కొమ్మలు కూడా మునిగిపోయాయి" అంది అచ్చియ్యమ్మ. ఊరివాళ్ళు తలలు తిప్పేసుకున్నారు.

నీలాలు తిప్పుకోలేదు. కళ్ళు తుడుచుకుని చూసింది. ఆవిడకి చూడటమే కదా వచ్చింది. బీట పక్కన గడ్డ విరిగిపోయింది, నిజమే. ఓ ఆరు కొమ్మలంత మేర విరిగి ఉంటుంది. అక్కణ్ణుంచి అటొడ్డుదాకా గడ్డ అలాగే ఉంది, చెక్కు చెదరలేదు. గడ్డ ఉంది, దాని మీద కొమ్మలు లేవు. గడ్డ విరక్కుండా కొమ్మలెలా మునుగుతాయి? మునగలేదు. ఎవరో పీకారు.

అప్పుడు ఆవిడ చూపు గడ్డ మీద నుంచి మెల్లగా అటొడ్డుకి ఎక్కింది. ఒడ్డు మీద పచ్చటి కుప్ప ఒకటి కనిపించింది. కుప్ప పక్కన చీమంత మనిషి. నిలబడి ఉన్నాడు.

"అత్తమ్మా, అటు చూడండి" అంది నీలాలు. 

అచ్చియ్యమ్మ చూసింది. ముసలి కళ్ళు, ముందు ఆనలేదు. అప్పుడు అటొడ్డున ఆ కుప్పలోంచి పొగ లేచింది. గవరయ్య పీకిన కొమ్మలకి నిప్పెట్టాడు, బతికే ఉన్నానని చెప్పడానికి. ఆవిడకి పొగ కనిపించింది. అప్పుడు ఏడ్చింది, అంతసేపూ ఆపుకున్నదంతా. నీలాలూ ఏడ్చింది. ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడుస్తుంటే ఊరివాళ్ళు కుక్కల్ని వదిలారు, మేకల గంటలు కట్టారు. ఊళ్ళోకి చప్పుడు తిరిగొచ్చింది.

ఆ తర్వాత ఇరవైమూడు రోజులు ఆయన అటే ఉన్నాడు, వీళ్ళిద్దరూ ఇటే ఉన్నారు. రోజూ పొద్దున్నే ఆయన అక్కడ పొగ వేసేవాడు, నీలాలు ఇక్కడ వేసేది. అత్తగారు రోజూ వచ్చి కోడలి పక్కన కూచునేది. కొడుకు పొగ కోసం వచ్చేది. పొగ ఆరిపోయాక కూడా లేచేది కాదు.

మధ్యలో సరస్సు ఎంత అందంగా అయిందనుకున్నావ్. గడ్డ ముక్కలు ముక్కలై, గాలికి ఒకదానికొకటి తగిలి గాజులు మోగినట్టు మోగేవి. తర్వాత అవీ కరిగిపోయాయి. నీళ్ళు నీలంగా విచ్చుకున్నాయి. ఒకరోజు దక్షిణం నుంచి మొదటి బాతుల గుంపు దిగింది. "అవి కిందటేడు వెళ్ళినవేనంటావా" అని అచ్చియ్యమ్మ అడిగింది. "అవే అత్తమ్మా" అంది నీలాలు. ఒడ్డున గడ్డి మొలిచింది. ఇంటిదగ్గర పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, ఇద్దరూ ఇక్కడే ఉన్నారుగా.

నీలాలుకి లోపల ఒక దిగులు మాత్రం అలాగే ఉండేది. నా దారి పీకేశావా అని ఆయన అడిగితే ఏం చెప్పాలి? రాత్రీ పగలూ అదే దిగులు.

ఇరవైనాలుగో రోజున పడవ వెళ్ళింది. గవరయ్యని ఎక్కించుకుని తిరిగొచ్చింది. గడ్డం పెరిగిపోయి, ఎండకి నల్లబడిపోయి ఒడ్డున దిగాడు. దిగీదిగగానే, "నీలాలూ, అక్కణ్ణుంచి చూస్తే పొద్దున పూట నీళ్ళు గులాబీరంగులో ఉంటాయి, నీకు తెలుసా" అన్నాడు. ఇరవైమూడు రోజులు చూడ్డం తప్ప ఆయనకి వేరే పనేముంది మరి. నీలాలు తల దించుకుంది. దిగులంతా అక్కడే దిగిపోయింది.

అచ్చియ్యమ్మ కొడుకు మొహం రెండు చేతులతో తడిమింది. తడిమి, ఇన్నాళ్ళూ మనసులో దాచుకున్న మాట అడిగింది. "నేను పళ్ళెం ఆపేసినప్పుడు ఏమనుకున్నావురా?"

"నువ్వు కొడుతుంటే నీ చెయ్యే అని పోల్చుకున్నానమ్మా. పరుగులాంటి నడకతో వచ్చాను. పద్నాలుగో కొమ్మ దాటబోతుంటే ఆగిపోయింది. ఎంతసేపు చెవి ఒగ్గినా మళ్ళీ మోగలేదు. మా అమ్మ తనంతట తాను ఆపదు, నీలాలు వచ్చి లాక్కుని ఉంటుంది, అయితే దారి లేదన్నమాట అనుకున్నాను. వెనక్కి తిరిగి ఒక్కో కొమ్మా పీక్కుంటూ పోయాను. ఒడ్డెక్కాక ఆ పదిహేనో కొమ్మ కింద గడ్డ విరిగిన చప్పుడు విన్నాను."

ఒక్క కొమ్మ తేడా, పండూ. ఒక్కటంటే ఒక్కటి.

అచ్చియ్యమ్మ తల అడ్డంగా ఊపింది. "కాదురా అబ్బాయీ. నీలాలు చెప్పింది, అంతే. పళ్ళెం ఎవరూ లాక్కోలేదు. నిన్ను పిలవకుండా ఆపుకున్నది నేనే" అంది.

 గవరయ్య, అంత పెద్ద మగవాడూ, ఒడ్డున అందరి ముందూ వంగి, ఆనాడు గడ్డ మీద జోళ్ళు లేకుండా నిలబడిన తల్లి పాదాలు రెండూ పట్టుకున్నాడు.

ఊఁ అనడం మానేశావేమే? కళ్ళు మూతలు పడుతున్నాయి. సరే, పాట పాడేసి నేనూ పడుకుంటాను.

గడ్డ కరిగి కరిగి నీరుగా మారె,
పడవ తేలి తేలి ఒడ్డుకి చేరె,
బాతు ఎగిరి ఎగిరి గూటిలో దూరె,
నిద్ర మెల్లమెల్లగ నీ కంట ఊరె.
కథ నడిచి నడిచి కంచికి పోయె,
మనం ఇంట్లోనే ఉన్నాం, జోజో హాయె.